పొద్దుటి చప్పుడు

తాళం తిప్పేముందు కొత్తమ్మాయి ఊపిరి బిగబట్టింది. తను ఊపిరి బిగబట్టినంత మాత్రాన ఇంజనుకి బుద్ధి రాదని ఆమెకి తెలుసు. అయినా పొద్దున్నే ఆ సీట్లో కూర్చుంటే చాలు, ఊపిరి దానంతటదే ఆగిపోతోంది.

తిప్పింది. రేకు డబ్బాలో గుప్పెడు మేకులు పోసి ఎవరో కసితీరా ఊపుతున్నట్టు గడగడమంటూ మొదలైంది. అపార్ట్‌మెంటు కింద పార్కింగు కావడంతో ఆ మోత స్తంభాలకి కొట్టుకుని రెట్టింపయింది. పైన ఎవరో కిటికీ ధడాలున వేసుకున్నారు. వాచ్‌మన్ చీపురు ఆపి, "కొత్తమ్మాయిగారూ, రోజురోజుకీ దీని గొంతు పెరుగుతోందండీ," అన్నాడు.

"నా గొంతు పెరగట్లేదు. అదే బాధ," అంది ఆమె.

కొత్తమ్మాయి అన్నది అత్తవారింట్లో ముద్దుగా పెట్టిన పేరు. అది మెట్లు దిగి వాచ్‌మన్ దాకా వచ్చేసింది. ఆమెకి కోపం లేదు సరికదా, ఎవరైనా అలా పిలిస్తే లోపల ఎక్కడో చక్కిలిగిలి పెట్టినట్టుంటుంది. ఇంట్లో అద్దం ముందు రెండు దువ్వెనలు పక్కపక్కన కనిపించినా ఆమెకి అంతే.

కాసేపటికి మోత తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఇంతసేపూ బల్లలెక్కి గెంతి, టీచరు గుమ్మంలోకి రాగానే చేతులు కట్టుకున్న పిల్లాడిలా ఇంజను బుద్ధిగా కూర్చుంది. ఆ నంగనాచితనం చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

వెనక సీట్లో మడత బల్ల, కరెంటు పెట్టే మిషను పెట్టె, రబ్బరు పట్టీల సంచీ. ఆమె ఫిజియోథెరపిస్టు. నడవలేని వాళ్ళ దగ్గరికి తనే ఇంటింటికీ వెళ్తుంది. మొదటి ఇల్లు రిటైరైన పోస్టుమాస్టరుగారిది. ఆయనకి మోకాలు మార్చారు. ఈ వారం ఎలాగైనా ఆయన చేత మెట్లెక్కించాలని ఆమె పట్టుదల.

కూడలి మలుపులో ఆయిలు దీపం ఎర్రగా మినుకుమంది. ఆమె కారు పక్కకి తీసి, బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే పుల్ల లాగింది. గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ లాగింది. కొనకి మాత్రమే నల్లగా తడి. మొన్ననే పై గీత దాకా తన చేత్తో పోసింది. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి చూసింది, పొద్దునకి ఒక్క చుక్క కూడా పడలేదు. కారట్లేదు. మరి ఎక్కడికి పోతోంది? సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదిలినప్పుడల్లా వెనకద్దంలో నీలంగా లేచే పొగే జవాబు. తాగేస్తోంది.

స్కూల్లో ఉన్న భర్తకి ఫోను చేసింది. అతను లెక్కల టీచరు. ఆమె అతన్ని మాస్టారూ అంటుంది, అతను ఆమెని డాక్టరమ్మా అంటాడు. ఇద్దరూ ఒకరికొకరు లేని గౌరవం పెంచేసి మురిసిపోతుంటారు.

"మాస్టారూ, మళ్ళీ దీపం వెలిగింది."

"ఉండు, బావని కలుపుతాను."

బావంటే అతని అక్క భర్త. కారు ఆయనదే. కొత్తది కొనుక్కుని, పాతది వీళ్ళ పెళ్ళికి ఇచ్చాడు.

"చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు," అన్నాడాయన ఫోన్లో. తప్పుగా అనుకోవాల్సిన మాటలన్నీ ఆయన అలాగే మొదలుపెడతాడు. "బండికి చెయ్యి మారితే తెలుస్తుందమ్మా. క్లచ్ మీద కాలు పెట్టి తొక్కుతున్నావ్. ఊరికే రేజ్ చేస్తున్నావ్. నా చేతిలో ఇన్నేళ్ళలో అది చుక్క ఆయిలు తాగలేదు. కిక్కురుమనలేదు."

"నేను క్లచ్ మీద కాలు పెట్టను అన్నయ్యా."

"పెట్టేవాళ్ళకి పెడుతున్నట్టు తెలీదు కదా! అదే తమాషా."

రోడ్డు పక్కన, చేతికి నల్లటి మరకలతో, ఆమె ఫోను పెట్టేసి డిక్కీలోంచి ఆయిలు డబ్బా తీసింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కిందికి వచ్చాడు. ఆమె తాళం తిప్పింది. మేకుల డబ్బా మోగింది. అతను బావకి ఫోను కలిపి బానెట్ దగ్గర పట్టుకున్నాడు. చప్పుడు ఆగాక చెవి దగ్గర పెట్టుకుని, "విన్నావా బావా?" అన్నాడు.

"ఫోన్లో అన్నీ అలాగే వినిపిస్తాయిరా," నిద్ర గొంతు. "మా మిక్సీ కూడా అలాగే ఉంటుంది. నేనేమైనా ఈ టైముకి లేచే మనిషినా? పడుకోనీ."

ఆ సాయంత్రం మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. తీరా అక్కడికి చేరేసరికి ఇంజను వేడెక్కి పట్టులా తిరుగుతోంది. మెకానిక్ స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ఆయిలు మూత తీస్తే సన్నగా పొగ వచ్చింది.

"ఇప్పుడేం మోగట్లేదుగా సార్."

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు మోగుతుంది. కాసేపే," అంది ఆమె.

"ఆయిలైతే తాగుతోంది సార్," అన్నాడు మెకానిక్, చెప్పింది ఆమె అయితే మాస్టారు వైపు చూసి. "పాత బండి. లోపల ఏం అరిగిందో విప్పితేగానీ చెప్పలేం. ఎవరు నడుపుతారు సార్?"

"నేనే," అంది ఆమె.

"ఓహో," అన్నాడు, మళ్ళీ మాస్టారుతోనే. "మేడమ్‌ని కొంచెం నిదానంగా నడపమనండి సార్."

మేడమ్ అక్కడే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉంది. ఆ మాట కంటే, మాస్టారు తలూపడం ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. మెత్తగా, అలవాటుగా, క్లాసులో చివరి బెంచీవాడికి ఊపినట్టు ఊపాడు.

ఇల్లు చేరాక అతను టీ పెట్టి తెచ్చాడు. అతని టీ ఎప్పుడూ పానకమే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పానకాన్ని ఆమె కళ్ళు మూసుకుని ఇష్టంగా తాగుతోంది. ఆ రోజు మాత్రం, "తీపెక్కువైంది," అంది.

"డాక్టరమ్మా, ఒక పని చేద్దాం," అన్నాడు అతను. "రోజుకో మాట అనుకోవడం దేనికి? లెక్కలో ఒక్కటి మారిస్తే తేడా ఎక్కడుందో తేలుతుంది. కొన్నాళ్ళు కారు నేను తీసుకెళ్తాను. అప్పుడు కూడా తాగితే బండిది తప్పు. తాగకపోతే..."

"తాగకపోతే నాది."

"అలా అని కాదు..."

"అంతే కదా లెక్క. సరే, చెయ్యండి."

తన డ్రైవింగు మీద అంత నమ్మకం ఆమెకి. ఆ నమ్మకంతోనే మర్నాడు మడత బల్ల భుజాన వేసుకుని బస్సెక్కింది. బస్సులో ఆ బల్ల ఎవరికీ నచ్చలేదు. ఒకాయన మోకాలికి తగిలింది, ఒకావిడ సంచీలో ఇరుక్కుంది. "పెళ్ళి సామాను మోస్తున్నావా అమ్మా?" అని కండక్టరు చమత్కరించాడు. పోస్టుమాస్టరుగారింటికి ఆలస్యంగా చేరేసరికి ఆయన చూసి చూసి పడుకున్నాడు. "ఉత్తరాలే నయం, లేటైనా వచ్చి చేరేవి," అన్నాడు నిష్ఠూరంగా. రెండో ఇల్లు కూడా ఆలస్యం. మూడో ఇంటికి వెళ్ళేసరికి తాళం.

"లైటు వెలిగిందా?" రాత్రి భోజనం దగ్గర అడిగింది.

"లేదు," అన్నాడు మాస్టారు. అతను కంచంలోకి చూస్తూ అన్నాడని ఆమె గమనించలేదు.

తర్వాతి రోజూ లేదన్నాడు. ఆ తర్వాతి రోజూ. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఆమె ఎడమ కాలు తనకి తెలియకుండానే నేలని నొక్కి, వదిలి, నొక్కి, వదిలి చూసుకుంటోంది. నిజంగానే క్లచ్ మీద కాలు పెడుతున్నానా? పెట్టేవాళ్ళకి తెలీదన్నాడు కదా. రోజూ ఇతరుల కాళ్ళు ఎటు వంగుతున్నాయో, బరువు ఎక్కడ మోపుతున్నారో చూసి చెప్పే తనకి, తన కాలు సంగతే తెలియకుండా పోయిందా? ఆ ఆలోచనకి ఏడుపొచ్చినంత పనైంది.

శుక్రవారం ఆమె పనిచేసే ఫిజియోథెరపీ సెంటరు పెద్దావిడ పిలిచింది. కసురుకునే మనిషి కాదు, అందుకే భయం. "నీ చెయ్యి మంచిదని అందరూ అంటున్నారమ్మా. కానీ నువ్వు రావట్లేదనీ అంటున్నారు. సోమవారం నుంచి టైముకి వెళ్ళలేకపోతే నీ ఇళ్ళు వేరే అమ్మాయికి ఇస్తాను. నిన్ను ఇక్కడే కూర్చోబెడతాను."

ఇక్కడే అంటే గోడకి కట్టిన కప్పీల తాళ్ళు రోగుల చేత లాగించే మూల. పోస్టుమాస్టరుగారు మెట్లెక్కేది ఇంకెవరో చూస్తారు.

శనివారం పొద్దున ఉతకడానికి మాస్టారు చొక్కాలు విడదీస్తుంటే ఒక దాని చేతి అంచు నల్లగా కనిపించింది. ఇంకో దానికీ ఉంది. సుద్దముక్క మరకలుండే చొక్కాలవి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకి బాగా తెలుసు. పక్కన చూస్తే మంచం ఖాళీ. చొక్కా చేత్తో పట్టుకునే మెట్లు దిగింది.

మాస్టారు బానెట్ కింద సగం దూరి ఉన్నాడు. నీళ్ళ సీసా అడ్డంగా కోసి చేసిన గరాటు ఇంజను నోట్లో పెట్టి, నాలుక పళ్ళ మధ్య కరిచిపట్టి, చుక్క ఒలకకుండా ఆయిలు పోస్తున్నాడు. బోర్డు మీద వృత్తం గీసేటప్పుడు కూడా అతను నాలుక అలాగే పెడతాడని అతని స్టూడెంట్లు చెప్పారు. ఇంకెప్పుడైనా అయితే ఆమె ఆ నాలుకని చూసి మురిసిపోయేది.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

అతను తలెత్తబోయి బానెట్‌కి కొట్టుకున్నాడు.

"ఇది... ఊరికే..."

"ఏ రోజు నుంచి?"

తల రుద్దుకుంటూ నేల చూశాడు. "నేను తీసుకెళ్ళిన మొదటిరోజే వెలిగింది."

"మరి లేదన్నారు?"

"పోశాక వెలగలేదు. అది నిజమే కదా..."

"పిల్లలకి ఈ లెక్కలేనా మీరు చెప్పేది?"

వాచ్‌మన్ చీపురు పట్టుకుని చాలా దూరం వెళ్ళిపోయాడు.

"స్కూటరు దగ్గర్నుంచీ నాకు బండి నేర్పింది బావే," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "నా చేతిలోనూ తాగుతోందని చెప్తే, నీకు నేర్పింది దండగరా అంటాడు. నడపడం రాదంటాడు. ఎలా చెప్పాలో తెలీక..."

"మీకు రాదంటే తలకొట్టేసినట్టుంటుంది. నాకు రాదంటే తలూపొచ్చు."

గరాటులోంచి ఆఖరి చుక్క జారి అతని చెప్పు మీద పడింది.

"నాలుగు రోజులు బల్ల మోశాను మాస్టారూ. దానికి కాదు. నా కాలు నాకే దొంగలా కనిపించింది. మీకు తెలిసి కూడా!"

"రేపు చెప్తాను. అక్కావాళ్ళింట్లో, బావ ముందే చెప్తాను."

ఆదివారం పొద్దెక్కాక అక్కావాళ్ళింటికి వెళ్ళారు. బావగారు వీధి గుమ్మంలోకి ఎదురొచ్చి, వచ్చిన కారుని చూసి చెవి రిక్కించాడు. "వినండి! ఎంత నాజూగ్గా తిరుగుతోందో. వారం చెయ్యి మారేసరికి బుద్ధి తెచ్చుకుంది. చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు."

కొత్తమ్మాయి మాస్టారుని చూసింది. మాస్టారు చెప్పులు విడవడంలో మునిగిపోయాడు.

భోజనాల దగ్గర బావగారు మళ్ళీ ఎత్తుకున్నాడు. "మీ వదిన పొద్దున పిల్లల్ని బడిలో దింపి, సాయంత్రం తెచ్చేది, అంతే. మిగతా అంతా నా చేతిలోనే పెరిగింది బండి. సాయంత్రం ఎక్కి కూర్చుంటే వీణలా ఉండేది."

మాస్టారు నోరు తెరిచాడు. నీళ్ళు తాగి మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు, "పప్పు బాగుందక్కా," అన్నాడు. కొత్తమ్మాయికి మెతుకు దిగలేదు. రేపు సోమవారం.

వదిన తక్కువ మాట్లాడే మనిషి. వంటింట్లో గిన్నెలు కడిగి అందిస్తుంటే కొత్తమ్మాయి తుడిచి పెడుతోంది. "ముఖం అలా పెట్టుకోకే మరదలా, గిన్నె మీద నీడ పడి మురికిగా కనిపిస్తోంది," అంది వదిన.

"నాకు నడపడం వచ్చు వదినా."

వదిన చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగింది. ఏదో అనబోయింది. అనలేదు. మళ్ళీ తోమసాగింది.

సాయంత్రం సందులోకి నీళ్ళ ట్యాంకరు వచ్చి హారన్ మొదలుపెట్టింది. మాస్టారు కారు దారికి అడ్డం. మాస్టారు పిల్లలతో మేడ మీద ఉన్నాడు, బావగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. "ఒరేయ్, ఎవరైనా బండి తియ్యండిరా," అని కేకేశాడు కదలకుండా.

"నేను తీస్తానుండండి," అంది వదిన. చేతులు కొంగుకి తుడుచుకుని, బల్ల మీది తాళం తీసుకుని బయల్దేరింది. కొత్తమ్మాయి వెంట వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

వదిన సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సర్దుకుంది. తాళం దూర్చింది. ఒక మెట్టు తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకుండా, చెయ్యి రేడియో మీద వేసి గొంతు ఆఖరుదాకా పెంచింది. పాట కారంతా దద్దరిల్లింది. అప్పుడు మిగతా మెట్టు తిప్పింది.

ఇదంతా ఆమె చూడకుండానే చేసింది. తలుపు గడియ ఎక్కడుందో చూడకుండా చేత్తో తీసే మనిషిలా.

కొత్తమ్మాయి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన చెయ్యి చాపి రేడియో నొక్కేసింది.

పొద్దుటి నుంచీ నిలబడి చల్లారిన ఇంజను. గడగడగడమని సందంతా మేకులు కురిశాయి. ట్యాంకరు డ్రైవరు తల బయట పెట్టి, "ఏంటమ్మా ఆ మోత? రాళ్ళు పోశారా అందులో?" అని అరిచాడు. బావగారు పడక్కుర్చీలోంచి లేచి గబగబా వచ్చాడు.

"చెల్లెమ్మా, అదేంటి, అలా రేజ్..."

"నేను కాదన్నయ్యా. వదిన."

బావగారు కిటికీలోంచి చూశాడు. వదిన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఎదురుగా చూస్తోంది. మోత ఇంకా ఉంది. తగ్గడానికి ఇంకాస్త టైముందని తెలిసినదానిలా ఆమె తొందరపడకుండా కూర్చుంది. అది తగ్గి, తగ్గి, ఆగిపోయింది.

"ఇదెప్పటినుంచి?" అన్నాడాయన.

"మీరు నిద్ర లేవకముందు నుంచి," అంది వదిన.

మాస్టారు పిల్లల్ని వెంటేసుకుని మెట్లు దిగి వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"రోజూ పొద్దున మోగేది. మొదటిసారి మీకు చెప్పాను. క్లచ్ మీద కాలు తియ్యమన్నారు. రెండోసారి చెప్తే డ్రైవింగే మానెయ్యమన్నారు. మానేస్తే పిల్లల్ని ఎవరు దింపుతారు? అప్పట్నుంచి చెప్పలేదు. పాట పెట్టేదాన్ని. పిల్లల్ని దింపి వచ్చే దారిలో ఆయిలు పోయించేదాన్ని. సాయంత్రం పిల్లల్ని తెచ్చి మీకిచ్చేసరికి నిండుగా, వేడిగా ఉండేది. అందుకే వీణ."

"మరి నాకు..." అని బావగారు ఆగిపోయాడు. చెప్పలేదేం అనడానికి దారి లేదు, చెప్పానని ఇప్పుడే అంది కదా.

"ఈ పిల్లని అంటుంటే కూడా ఊరుకున్నాను," అంది వదిన, కొత్తమ్మాయి వైపు తిరక్కుండా. "అలవాటు."

గేటు దగ్గర్నుంచి మాస్టారు గొంతు వినిపించింది. "బావా, నా చేతిలోనూ తాగుతోంది. వారమంతా తెల్లారకముందే లేచి నేనే పోశాను. తనకి కూడా చెప్పకుండా."

బావగారు బానెట్ ఎత్తాడు. ఎందుకెత్తాడో ఆయనకే తెలియనట్టుంది. పుల్ల లాగి, తుడవడానికి గుడ్డ లేక అటూ ఇటూ చూశాడు. వదిన కారు దిగి, తలుపు జేబులోంచి పాత గుడ్డ తీసి ఇచ్చింది. అది అక్కడుందని కొత్తమ్మాయికే తెలీదు. ఆయన పుల్ల తుడిచి, దించి, లాగి, సాయంత్రపు వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

ట్యాంకరు మళ్ళీ హారన్ కొట్టింది.

"చెల్లెమ్మా," అన్నాడు చివరికి. తప్పుగా అనుకోకు అనబోయాడేమో, మింగేశాడు. "రేపు డ్యూటీకి ఎన్నింటికి బయల్దేరాలి?"

"పొద్దున్నే అన్నయ్యా."

పుల్ల మళ్ళీ దాని చోట దించి, బానెట్ నెమ్మదిగా మూశాడు. తాళం ఇంకా కారుకే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. పక్కకి తప్పుకుని, "తియ్యండి, దారికి అడ్డంగా ఉంది," అన్నాడు.

సోమవారం పొద్దున పార్కింగులో మాస్టారు గరాటు పట్టుకుంటే కొత్తమ్మాయి ఆయిలు పోసింది. ఈసారి గరాటు అంచు ఆమె చెయ్యి కోయకుండా కొవ్వొత్తి మంటకి పెట్టి గుండ్రంగా కాల్చి ఉంది. ఎప్పుడు చేశాడో మరి. ఆమెకి ఇంకా కోపం పూర్తిగా పోలేదు. అయినా ఆ అంచు మీద వేలు ఒకసారి తిప్పి చూసుకుంది. ఇంజను విప్పించాలి, దానికి మెకానిక్‌తో తనే మాట్లాడుతుంది. అతను తన వైపు చూసేదాకా మాట్లాడుతుంది.

"సాయంత్రం టీ నేను పెడతానా?" అన్నాడు మాస్టారు.

"పెట్టండి. తీపి తగ్గించి."

సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటుంటే ఫోను మోగింది. వదిన.

"బయల్దేరావా?"

"ఇప్పుడే తాళం తిప్పబోతున్నాను వదినా."

"తిప్పు."

ఆమె తాళం తిప్పి, ఫోను కిటికీ బయటికి, బానెట్ వైపు చాపింది. మేకులు మోగాయి. పైన ఎవరో కిటికీ వేసుకున్నారు. వాచ్‌మన్ చీపురు ఆపాడు. అవతల వదిన మోగినంతసేపూ విన్నది. మోత తగ్గి, తగ్గి, ఇంకా ఆగీ ఆగకముందే ఫోన్లోంచి ఆమె గొంతు వచ్చింది.

"ఆఁ, ఇక ఆగిపోతుంది. వెళ్ళు, పోస్టుమాస్టరుగారు చూస్తుంటారు."

ఆగిపోయింది. కొత్తమ్మాయి బ్రేకు వదిలి కారు కదిలించింది. గేటు దాటాక చూసుకుంటే, తాళం తిప్పేముందు ఊపిరి బిగబట్టడం మర్చిపోయింది.